ఫైనాన్స్ కోసం యూనివర్సిటీ మారాలా? అమెరికాలో చదివే తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. న్యూజెర్సీ నుంచో డాలస్ నుంచో ఎవరో పిల్లవాడు చేసి, "అన్నా, ఫ్రెష్‌మన్‌ని. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ చేయాలనుంది. మా కాలేజీతో అవుతుందా, మారిపోనా?" అంటాడు. వారం తిరక్కుండానే వాళ్ల నాన్నగారు చేస్తారు. ప్రశ్న అదే, కాకపోతే ఆయన డబ్బు దగ్గర మొదలుపెడతారు. పన్నెండేళ్ల కిందట నేనూ ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి మారినవాణ్ణే. మారి కొంత బాగుపడ్డాను, కొంత దెబ్బ తిన్నాను. ఫోన్లో చెప్పిందే చెప్పలేక అన్నీ ఇక్కడ పెడుతున్నాను. ఇదంతా బ్యాచిలర్స్ చదివేవాళ్ల సంగతి. ఆ నాలుగేళ్లలో మొదటి ఏడాదివాణ్ణి ఫ్రెష్‌మన్, రెండో ఏడాదివాణ్ణి సోఫమోర్, మూడో ఏడాదివాణ్ణి జూనియర్ అంటారు. ఎంఎస్ గురించి ఒక ప్రశ్న కింద ఉంది.

ఫైనాన్స్‌లో కాలేజీ పేరుకు అంత పట్టింపు ఎందుకు? సాఫ్ట్‌వేర్‌లో ఇంత లేదు కదా?

మన ఇళ్లలో అందరికీ తెలిసిన దారి సాఫ్ట్‌వేర్. అక్కడ కోడింగ్ టెస్టు పెడతారు, రాసినవాడు ముందుకెళ్తాడు. అమీర్‌పేటలో నేర్చుకున్నా, స్టాన్‌ఫర్డ్‌లో నేర్చుకున్నా ప్రోగ్రామ్ నడిచిందా లేదా అన్నది తెర మీద కనిపిస్తుంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అంటే కంపెనీలకు పెట్టుబడి సమకూర్చి, కొనుగోళ్లు, విలీనాలు కుదిర్చేది. అక్కడ డిగ్రీ కాగానే చేరే కొత్త అనలిస్టు చేసే పని ఎక్సెల్ మోడళ్లు, పవర్‌పాయింట్ స్లైడ్లు, అర్ధరాత్రి దాకా వాటికి దిద్దుబాట్లు. ఇరవై ఏళ్ల మనిషి ఈ పనికి నిలబడతాడా లేదా అని టెస్టు పెట్టి తేల్చలేరు. అందుకని బ్యాంకులు కొన్ని కాలేజీలను ఎంచుకుని, అక్కడ చదివిన తమ ఉద్యోగులనే అక్కడికి పంపిస్తాయి. వాళ్లు కాఫీ తాగుతూ మాట్లాడి బాగున్నాడన్న పిల్లల్ని బ్యాంకులు ఇంటర్వ్యూకి పిలుస్తాయి. తెలిసినవాళ్లు చెప్పిన సంబంధానికీ పేపర్లో ప్రకటన చూసి వచ్చిన సంబంధానికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

అలా బ్యాంకులు వచ్చే కాలేజీలను టార్గెట్ స్కూళ్లు అంటారు. ఏ బ్యాంకూ ఈ జాబితాను అచ్చువేసి ఇవ్వదు. కానీ పెన్సిల్వేనియా యూనివర్సిటీలోని వార్టన్, హార్వర్డ్, ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) స్టెర్న్, మిషిగన్ రాస్, జార్జ్‌టౌన్, వర్జీనియా యూనివర్సిటీలోని మెకిన్‌టైర్ లాంటివి ఎవరి జాబితాలోనైనా ఉంటాయి. పేరు అంత మోగకపోయినా పని జరిగే చోట్లు వేరే ఉన్నాయి. ఇండియానా యూనివర్సిటీ కెల్లీ బిజినెస్ స్కూల్లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వర్క్‌షాప్ అని ఒకటి ఉంది. అందులో చేరితే సీనియర్లు దగ్గరుండి ఇంటర్వ్యూలకు తయారు చేస్తారు. హ్యూస్టన్‌లో చమురు, గ్యాస్ కంపెనీల డీల్స్ చూసే బ్యాంకింగ్ టీములు యూటీ (టెక్సస్ యూనివర్సిటీ) ఆస్టిన్‌లోని బిజినెస్ స్కూల్ మెకూంబ్స్‌కూ, రైస్ యూనివర్సిటీకీ బాగా వస్తాయి.

అన్ని రకాల ఫైనాన్స్ ఉద్యోగాలకూ ఇంతేనా?

కాదు. కంపెనీల్లో బడ్జెట్, ప్లానింగ్ చూసే ఉద్యోగాలు, బ్యాంకుల్లో రుణాల పరిశీలన, ఇన్సూరెన్స్, ఆడిట్, రిస్క్, వెల్త్ మేనేజ్‌మెంట్, వీటిలో చాలావాటికి స్టేట్ యూనివర్సిటీ నుంచి హాయిగా తీసుకుంటారు. మీకు కావలసింది ఇదైతే ఈ పేజీ ఇక్కడితో ఆపేయవచ్చు. ఉన్నచోటే ఉండండి.

నన్ను అడిగేవాళ్లలో సగంమందికి ఈ తేడా తెలియదు. "ఫైనాన్స్" అంటారు, ఇంకొంచెం అడిగితే వాళ్ల మనసులో ఉన్నది స్టాక్ మార్కెట్. స్టాకులు కొని అమ్మడం ఇష్టమైనవాడికి బ్యాంకింగ్ అనలిస్టు పని పెద్దగా నచ్చదు. మారే ముందు, ఆ పని చేస్తున్న ఇద్దరితో అరగంట చొప్పున మాట్లాడండి.

ఏ ఏడాదిలో మారితే ఉపయోగం?

ఒక్క జవాబు చదివే ఓపికే ఉంటే ఇది చదవండి.

బ్యాంకులోకి పెద్ద ద్వారం ఒకటే: జూనియర్ ఇయర్ తర్వాతి వేసవిలో చేసే పది వారాల ఇంటర్న్‌షిప్. అందులో బాగా చేసినవాళ్లకు డిగ్రీ తర్వాత ఉద్యోగం ఇస్తారు. దాన్నే రిటర్న్ ఆఫర్ అంటారు. డిగ్రీ అయ్యాక కొత్తగా తలుపు తట్టేవాళ్లకు మిగిలే ఖాళీలు కొద్దే. ఆ ఇంటర్న్‌షిప్‌కు ఎంపిక మాత్రం ఏడాదిన్నర ముందే మొదలవుతుంది. 2026 వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద బ్యాంకుల్లో చాలావరకు 2025 జనవరి నాటికే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టాయి. అప్పటికి ఆ పిల్లలు సోఫమోర్ ఇయర్ మధ్యలో ఉన్నారు.

ఇప్పుడు ఈ క్యాలెండర్ పక్కన మారే క్యాలెండర్ పెట్టి చూడండి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులు ఎక్కువ చోట్ల మార్చి ప్రాంతంలో, జవాబు మేలో, చేరడం ఆగస్టులో. పై ఉదాహరణలో ఫ్రెష్‌మన్ ఇయర్‌లోనే దరఖాస్తు చేసినవాడు 2024 ఆగస్టులో సోఫమోర్‌గా చేరతాడు. బ్యాంకులు తెరిచే లోపు అతనికి కొత్త చోట దొరికేది ఒక్క సెమిస్టర్. సోఫమోర్ ఇయర్‌లో దరఖాస్తు చేసినవాడు 2025 ఆగస్టులో జూనియర్‌గా అడుగుపెడతాడు. అప్పటికి 2026 వేసవి సీట్లలో చాలా భాగం నిండిపోయి ఉంటాయి. అతను ఏ ఇంటర్న్‌షిప్ కోసమని మారాడో దానికి ఎంపిక అతను పాత కాలేజీలో ఉండగానే జరిగిపోయింది.

కాబట్టి ఒక ఏడాది చదివి మారడం వేరు, రెండేళ్లు చదివి మారడం వేరు. మొదటిది ఇరుకైనా దారే. రెండోది బ్యాంకింగ్ కోసమే అయితే తరచుగా ఆలస్యం.

మా తరంవాళ్ల సలహా వినేటప్పుడు కొంచెం జాగ్రత్త. నేను జూనియర్‌గా మారినప్పుడు ఇంటర్వ్యూలు జూనియర్ ఇయర్ జనవరి, ఫిబ్రవరుల్లో జరిగేవి. ఆగస్టులో చేరినా నాలుగు నెలల ఊపిరి ఉండేది. ఆ తర్వాత బ్యాంకులు ఒకదాన్ని చూసి ఒకటి ముందుకు జరుపుతూ దాదాపు ఏడాది లాగేశాయి. "నేను థర్డ్ ఇయర్‌లో మారి బ్యాంకులో చేరాను, నువ్వూ మారు" అని చెప్పే అన్నయ్య అబద్ధమాడట్లేదు. ఆయన నడిచిన రోడ్డు ఇప్పుడు లేదు, అంతే.

సోఫమోర్‌గా చేరితే ఆ ఒక్క సెమిస్టర్లో ఏం చేయాలి?

చేరాక కాదు, చేరే ముందు వేసవిలోనే మొదలుపెట్టాలి. ఫైనాన్స్ క్లబ్బులు కొత్తవాళ్లను సెప్టెంబరు మొదటి రెండు మూడు వారాల్లోనే తీసేసుకుంటాయి. వాటికీ దరఖాస్తు, ఇంటర్వ్యూ ఉంటాయి. కొన్ని క్లబ్బులు ఫ్రెష్‌మన్‌లనే ఎక్కువగా తీసుకుంటాయి. అక్కడి పిల్లలకు ఒక ఏడాది ముందే సీనియర్లతో పరిచయాలు ఏర్పడి ఉంటాయి. మీరు పెళ్లికి తాళి కట్టే సమయానికి చేరుకున్న బంధువులా నిలబడతారు.

ఇంకో చిక్కు జీపీఏ, అంటే 4కు లెక్కించే సగటు గ్రేడు. చాలా యూనివర్సిటీలు పాత చోట పూర్తిచేసిన సబ్జెక్టుల క్రెడిట్లు తీసుకుంటాయి కానీ పాత గ్రేడ్లు తీసుకోవు. కొత్త చోట జీపీఏ సున్నా నుంచి మొదలవుతుంది, మొదటి గ్రేడ్లు డిసెంబరులో వస్తాయి. జనవరిలో బ్యాంకుకు చూపించేది ఆ నాలుగైదు సబ్జెక్టులే. కొత్త ఊరు, కొత్త రూమ్మేటు, కష్టమైన క్లాసులు, పైగా క్లబ్బుల పరుగు, వీటన్నిటి మధ్య 3.5 దాటాలి. ఆ సెమిస్టర్‌కు మాత్రం కష్టమైన సబ్జెక్టులు రెండు మించి పెట్టుకోవద్దు. నేను నాలుగు పెట్టుకున్నాను. 3.2 వచ్చింది. ఆ అంకెకు సంజాయిషీ చెప్పుకుంటూ ఏడాది గడిచింది.

నాకు జూనియర్‌గానే సీటు వచ్చింది. వదులుకోవాలా?

మూడు సంగతులు చూడండి. పాత క్రెడిట్లలో ఎన్ని పోతున్నాయి? ఎక్కువ పోయి డిగ్రీ ఎలాగూ ఏడాది వెనక్కి జరిగితే, బ్యాంకుల లెక్కలో మీరు మళ్లీ సోఫమోర్‌తో సమానం. వాళ్లు చూసేది డిగ్రీ ముగిసే నెల. అలాంటివాళ్లకు ఒక పూర్తి అవకాశం దొరుకుతుంది, అదనపు ఏడాది ఫీజు కట్టే శక్తి ఉంటే. రెండోది, పాత కాలేజీ నుంచే ఈపాటికి ఏదైనా ఇంటర్న్‌షిప్ ఖాయమైందా? అయితే మారే అవసరం దాదాపు పోయినట్టే. మూడోది, బ్యాంకు కాకుండా పెద్ద ఆడిట్ సంస్థల్లో కంపెనీల విలువ కట్టే వాల్యుయేషన్ టీములు, చిన్న బ్యాంకులు మీకు సమ్మతమేనా? వాటిలో చేరి రెండేళ్ల తర్వాత పెద్ద బ్యాంకుకు మారినవాళ్లు బోలెడుమంది. వాళ్లకు ఆ రెండేళ్లు వృథా కాలేదు.

జీపీఏ ఎంత ఉంటే తీసుకుంటారు?

పేరున్న చోట్లకు 3.7 పైన లేకపోతే కష్టం. ఫ్రెష్‌మన్ ఇయర్‌లోనే దరఖాస్తు చేస్తే కాలేజీ గ్రేడ్లు ఒక సెమిస్టర్‌వే ఉంటాయి కాబట్టి హైస్కూల్ మార్కులు మళ్లీ ముందుకొస్తాయి. పోయినేడు వద్దన్న చోటికే అవే మార్కులతో వెళ్తే, ఈ మధ్యలో ఏం మారిందో కాగితం మీద కనిపించాలి. కాల్‌క్యులస్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ పూర్తి చేయకుండా బిజినెస్ స్కూల్‌కు దరఖాస్తు పెట్టడం దండగ. చాలాచోట్ల అవి ముందే ఉండాలి. హార్వర్డ్ ఏటా తీసుకునే ట్రాన్స్‌ఫర్లు సుమారు డజనుమంది. ప్రిన్స్‌టన్ దశాబ్దాల తర్వాత 2018లో మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. అది కూడా రెండేళ్ల చదువుండే కమ్యూనిటీ కాలేజీల నుంచీ సైన్యం నుంచీ వచ్చేవాళ్ల మీదే ఎక్కువ దృష్టి. వీటి మీద ప్లాన్ కట్టుకోకండి.

రట్గర్స్ నుంచి ఎన్‌వైయూ స్టెర్న్‌కు వస్తే ఆ ఖర్చు తిరిగొస్తుందా?

న్యూజెర్సీలో ఎడిసన్, పిస్కాటవే వైపు నుంచి వచ్చే ప్రశ్నల్లో ఇదే మొదటిది. లెక్క వేద్దాం. 2024-25లో న్యూజెర్సీవాళ్లకు తమ స్టేట్ యూనివర్సిటీ రట్గర్స్‌లో ట్యూషన్, ఫీజులు కలిపి 18 వేల డాలర్ల దరిదాపుల్లో ఉన్నాయి. ఎన్‌వైయూలో ట్యూషన్, ఫీజులే 60 వేలు దాటాయి. మాన్‌హటన్‌లో గది, తిండి కలిస్తే 90 వేల దాకా పోతుంది. ఇంటి నుంచి రట్గర్స్‌కు వెళ్లి వచ్చే పిల్లవాడికి మూడేళ్లకు తేడా రెండు లక్షల డాలర్లు దాటుతుంది.

అటువైపు చూస్తే పెద్ద బ్యాంకుల్లో మొదటి ఏడాది అనలిస్టు మూల జీతం లక్షా పది వేల డాలర్ల దగ్గర ఉంది, బోనస్ విడిగా. నాన్నలు ఈ అంకె చూసి "రెండేళ్లలో తీరిపోతుంది" అంటారు. తీరదండీ. న్యూయార్క్ అద్దె, ఫెడరల్ పన్ను, రాష్ట్రం పన్ను, ఆ పైన సిటీ పన్ను పోగా చేతికి మిగిలేది చూస్తే తెలుస్తుంది. పైగా ఆ జీతం వచ్చేది ఉద్యోగం వస్తే. స్టెర్న్‌లో చేరిన ప్రతివాడూ బ్యాంకుకు వెళ్లడు.

అప్పు సంగతి ఇంకా ముఖ్యం. సిటిజన్, గ్రీన్‌కార్డ్ పిల్లలకు విద్యార్థి పేరు మీద దొరికే ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, తర్వాత ఏటా 7,500, మొత్తం 31 వేలకు మించదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కు ఇదివరకు కాలేజీ ఖర్చే హద్దు. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఏడాదికి 20 వేలు, ఒక్కో బిడ్డకు మొత్తం 65 వేలు మాత్రమే. మిగతాది ప్రైవేటు లోను, లేకపోతే ఇంటి మీద అప్పు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు కాలేజీ ఇచ్చే ఎయిడ్ (ఆర్థిక సాయం) కూడా మొదటి ఏడాది చేరేవాళ్లకంటే చాలాచోట్ల తక్కువ.

ఇంతా చెప్పి ఒక మాట ఒప్పుకోవాలి: ఇల్లు తాకట్టు పెట్టకుండా కట్టగలిగినవాళ్లకు, సోఫమోర్‌గా సీటు వస్తే, స్టెర్న్ మంచి బేరమే. మధ్యలో ఉన్నవాళ్లు బరూక్ కాలేజీని మర్చిపోతారు. న్యూయార్క్ సిటీ ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలోది, వాల్‌స్ట్రీట్‌కు సబ్‌వే దూరం. న్యూయార్క్ రాష్ట్రంవాళ్లకు దాని ఫీజు స్టెర్న్ ఫీజులో ఏ మూలకూ రాదు.

టెక్సస్‌లో లెక్క వేరు. యూటీ డాలస్ నుంచి యూటీ ఆస్టిన్‌కు మారితే రెండూ ఇన్‌స్టేట్ ఫీజే, అంటే ఆ రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజే. అదనంగా పడేది ముఖ్యంగా ఆస్టిన్‌లో ఉండే ఖర్చు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇంట్లో తిని చదివే పిల్లవాడికి అదీ చిన్నది కాదు. అయినా ఇలాంటి మార్పుకు నేను ఎక్కువసార్లు సరే అంటాను. మెకూంబ్స్‌లో సీటు రావడమే అసలు కష్టం. యూటీ ఆస్టిన్‌లో వేరే మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) చేరి తర్వాత లోపలి నుంచి మెకూంబ్స్‌కు మారిపోదాం అనే ఎత్తుగడ మాత్రం వేయకండి.

నా క్రెడిట్లన్నీ కొత్త యూనివర్సిటీ ఒప్పుకుంటుందా?

అన్నీ ఒప్పుకోవడం అరుదు. ఇంగ్లిష్, మ్యాథ్స్, ఎకనామిక్స్ లాంటివి సులువుగా వెళ్తాయి. అకౌంటింగ్, ఫైనాన్స్ దగ్గర "మా దగ్గరే మళ్లీ చదవాలి" అంటారు. పైగా డిగ్రీ కావాలంటే సుమారు సగం క్రెడిట్లు తమ దగ్గరే చేయాలని చాలా యూనివర్సిటీల నియమం. ప్రతి సబ్జెక్టు సిలబస్ పీడీఎఫ్ ఇప్పుడే దాచుకోండి. సెమిస్టర్ అయ్యాక కోర్సు పేజీ మూసేస్తారు, తర్వాత ప్రొఫెసర్‌ను బతిమాలుకోవాలి. నేను రెండు సబ్జెక్టులు అలాగే పోగొట్టుకున్నాను.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి వెళ్తే?

ఆ రాష్ట్రంలో అది రాజమార్గం. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు జూనియర్లుగా తీసుకునేవాళ్లలో కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే మొదటి చోటు. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలో నిర్ణీత కోర్సులు, గ్రేడ్లు ఉంటే సీటు ఖాయం చేసే ఒప్పందం ఉంది. మేజర్‌ను బట్టి షరతులుంటాయి. బర్కిలీ, యూసీఎల్ఏ, శాన్‌డియేగో ఆ ఒప్పందంలో లేవు. బర్కిలీలోని బిజినెస్ స్కూల్ హాస్ 2024 నుంచి నాలుగేళ్ల కార్యక్రమంగా మారింది, అయినా జూనియర్ ట్రాన్స్‌ఫర్లను తీసుకుంటూనే ఉంది. దరఖాస్తు గడువు మార్చి కాదు, అంతకు ముందటి నవంబరు చివర. డబ్బు బాగా మిగులుతుంది. కానీ జూనియర్‌గా చేరడమే కాబట్టి పైన చెప్పిన క్యాలెండర్ చిక్కు ఇక్కడా ఉంది. కమ్యూనిటీ కాలేజీలో రెండో ఏడాది ఉండగానే బ్యాంకులకు దరఖాస్తు పెట్టి, "వచ్చే ఆగస్టులో ఫలానా చోట చేరబోతున్నాను" అనే తరహాలో రెజ్యుమే మీద రాసుకునే పిల్లలున్నారు. సీటు చేతికొచ్చాక రాస్తే తప్పు లేదు. రాకముందు రాస్తే అబద్ధం.

నేను ఎఫ్-1 మీద ఉన్నాను. మారితే వీసాకు ఇబ్బందా?

మారడం వల్ల వీసా పోదు. సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లో) మీ రికార్డును పాత కాలేజీ కొత్తదానికి విడుదల చేయాలి, చేర్చుకున్నట్టు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కొత్తది రావాలి, ఐదు నెలల లోపు అక్కడ క్లాసులు మొదలవాలి. గమనించాల్సింది విడుదల తేదీ. ఆ రోజుతో పాత కాలేజీ ఇచ్చిన సీపీటీ (చదువుతుండగా బయట పనిచేసే అనుమతి), క్యాంపస్ ఉద్యోగం రెండూ ఆగిపోతాయి. వేసవిలో సీపీటీ మీద ఇంటర్న్‌షిప్ చేస్తుంటే అది ముగిశాకే విడుదల తేదీ పెట్టమని ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే చెప్పండి.

అసలు సమస్య మేజర్‌తో. ఐ-20 మీద డిగ్రీకి ఆరంకెల కోడ్ ఒకటి ఉంటుంది. మామూలు ఫైనాన్స్ కోడ్ 52.0801. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు. అంటే ఓపీటీ, డిగ్రీ తర్వాత ఉద్యోగం చేసుకునే అనుమతి, ఏడాదే. ఆ ఏడాదిలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీకి పేరు వేయడానికి చాలామందికి ఒక్క మార్చి నెల దొరుకుతుంది. ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603, మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301, ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ 27.0305, ఇవి స్టెమ్. వీటికి ఇంకో 24 నెలలు కలుస్తాయి, లాటరీకి మూడుసార్ల దాకా పేరు పడుతుంది. బ్యాంకులు మేజర్ పేరు పెద్దగా పట్టించుకోవు. కాబట్టి ఎఫ్-1 పిల్లలు ఫైనాన్స్ అనే బోర్డు చూసి కాక, ఈ కోడ్ చూసి డిగ్రీ ఎంచుకోవాలి. కొత్త యూనివర్సిటీని ఈ-మెయిల్లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఒకే పేరున్న మేజర్‌కు రెండు యూనివర్సిటీల్లో రెండు కోడ్‌లు ఉండొచ్చు.

ఇంకోటి. దరఖాస్తులో "ఇప్పుడు గానీ మున్ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అనే గడి ఉంటుంది. అవునన్నప్పుడు చిన్న, మధ్యతరహా బ్యాంకులు చాలావరకు అక్కడే ఆపేస్తాయి. మిగిలేవి ముఖ్యంగా పెద్ద బ్యాంకులు, అవి వెళ్లేది టార్గెట్ స్కూళ్లకు. ఆ రకంగా చూస్తే మారడం వల్ల లాభం సిటిజన్ పిల్లలకంటే ఎఫ్-1 పిల్లలకే ఎక్కువ. ఎక్కువ ఫీజు భారం కూడా వాళ్లమీదే పడుతుంది, అదొక విడ్డూరం.

మా అమ్మాయి హెచ్-4 మీద ఉంది. తనకూ ఇదే వర్తిస్తుందా?

వర్తించదు, ఇంకా గట్టిగా ఆలోచించాలి. హెచ్-4 పిల్లలు, అంటే హెచ్-1బీ తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నవాళ్లు, జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు, ఫెడరల్ ఎయిడ్ రాదు, 21 నిండితే హెచ్-4 ఉండదు. జూనియర్ ఇయర్ వేసవి సరిగ్గా ఆ వయసులోనే పడుతుంది. అంతకు ముందే ఎఫ్-1కు మారాలి, ఆ దరఖాస్తుకు నెలలు పట్టొచ్చు. ఎఫ్-1కు మారితే కొన్ని రాష్ట్రాల్లో ఇన్‌స్టేట్ ఫీజు పోతుంది. కాలేజీ మార్పు, వీసా మార్పు, ఇంటర్న్‌షిప్ ఎంపిక మూడూ ఒకే ఆరునెలల్లో పడకుండా చూసుకోండి. ఇమిగ్రేషన్ లాయరుకు ఇచ్చే ఫీజు ఇక్కడ దండగ కాదు. వాట్సాప్ గ్రూపు సలహా మాత్రం దండగే.

గోల్డ్‌మన్ శాక్స్ హైదరాబాద్ ఆఫీసులో మా పెద్దనాన్న కొడుకు ఉన్నాడు. రెఫరల్ పనికొస్తుందా?

మీ అన్నయ్యతో మాట్లాడండి, ఆ కంపెనీలో పని ఎలా ఉంటుందో తెలుస్తుంది. 2021లో తెరిచిన ఆ ఆఫీసులో ఇంజినీరింగ్, ఫైనాన్స్, కార్యకలాపాల పనులు జరుగుతాయి. న్యూయార్క్ బ్యాంకింగ్ టీము ఇంటర్న్‌ను ఎంచుకునేటప్పుడు అక్కడి రెఫరల్‌కు బరువు తక్కువ. ఆ టీములో కూర్చున్న ముక్కూమొహం తెలియని మీ కాలేజీ సీనియర్ మాటకు ఎక్కువ.

మారకుండా ఉన్నచోటి నుంచే ప్రయత్నిస్తే?

నిజానికి మారాలా వద్దా అనే ముందు ఇది చేసి చూడాలి. లింక్డ్‌ఇన్‌లో మీ యూనివర్సిటీ పేజీకి వెళ్లి, పూర్వ విద్యార్థుల్లో బ్యాంకుల్లో ఉన్నవాళ్లను వెతకండి. రట్గర్స్ లాంటి పెద్ద చోట వందల్లో కనిపిస్తారు. అక్కడ రోడ్ టు వాల్‌స్ట్రీట్ అనే మెంటరింగ్ కార్యక్రమం కూడా ఉంది. పక్కవీధిలో ఉండి ఆ పేరు వినని పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. పూర్వ విద్యార్థులు బొత్తిగా లేకపోతే, అప్పుడు మారే మాట ఆలోచించొచ్చు.

ఈ-మెయిల్ ఐదు వాక్యాలకు మించకూడదు. నేను ఫలానా, మీ కాలేజీనే, ఈ పని గురించి పదిహేను నిమిషాలు అడగాలనుంది, ఈ రెండు రోజుల్లో ఎప్పుడు వీలవుతుంది, అంతే. ఉద్యోగం ఇప్పించమని మొదటి ఉత్తరంలోనే అడిగేవాళ్లకు జవాబు రాదు. మన పిల్లలకు ఇది ఇబ్బందిగా ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోన్ చేయడమేంటి, చదువుకుంటే చాలదా అని పెరిగినవాళ్లం. ఇరవై ఉత్తరాలు రాస్తే నాలుగింటికి జవాబు వస్తుంది. ఆ నాలుగే కావాలి.

కాలేజీలో విద్యార్థులు నడిపే ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఉంటే చేరండి. బ్రోకరేజీ సంస్థల మీద నిఘా ఉంచే ఫిన్రా పెట్టే ఎస్ఐఈ అనే ప్రాథమిక పరీక్షకు 18 నిండితే చాలు, ఏ కంపెనీ స్పాన్సర్ చేయక్కర్లేదు, మార్కులు లెక్కించే ప్రశ్నలు 75, గంటా నలభై ఐదు నిమిషాలు. దానివల్ల ఉద్యోగం రాదు గానీ నాన్ టార్గెట్ రెజ్యుమేకు కొంచెం బరువొస్తుంది. పెట్టుబడుల విశ్లేషకులు రాసే సీఎఫ్ఏ పరీక్షల్లో మొదటి స్థాయి డిగ్రీ ముగియడానికి 23 నెలలలోపు ఉన్నప్పుడు రాయొచ్చు. అయితే అది బ్యాంకింగ్‌కంటే పెట్టుబడుల వైపు వెళ్లేవాళ్లకే ఎక్కువ ఉపయోగం. ఆడపిల్లలు గర్ల్స్ హూ ఇన్వెస్ట్ కార్యక్రమం చూడాలి.

మారకుండా డిగ్రీ అయ్యాక ఎంఎస్ ఫైనాన్స్ చేస్తే?

జూనియర్ ట్రాన్స్‌ఫర్ కంటే చాలామందికి ఇదే మేలు. వాండర్‌బిల్ట్, యూటీ ఆస్టిన్ లాంటి చోట్ల ఏడాదిలోపు అయ్యే ఎంఎస్ ఫైనాన్స్ ఉంది. రెండేళ్ల పెద్ద ఫీజు బదులు ఏడాది పెద్ద ఫీజు. ఇక్కడా ఎంపికలు ముందే జరుగుతాయి కాబట్టి డిగ్రీ చివరి ఏడాదిలోనే ప్రయత్నం మొదలవ్వాలి. ఇండియాలో బీటెక్ చేసి ఎంఎస్‌కు వచ్చే మనవాళ్లు ఆ డిగ్రీ స్టెమా కాదా అని మొదట చూసుకోవాలి. తర్వాత ఎప్పుడో ఎంబీఏ చేసి అనలిస్టు పై మెట్టు అయిన అసోసియేట్‌గా చేరే దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ వ్యాసంలో ఏం రాయాలి?

పాత కాలేజీని తిట్టకండి. "మీ ర్యాంకు పెద్దది" అని పొగడకండి. అక్కడ లేనిది, ఇక్కడ ఉన్నది, ఒక కోర్సో ప్రొఫెసరో కార్యక్రమమో పేరు పెట్టి చెప్పండి. గోల్డ్‌మన్‌లో ఉద్యోగం కావాలి అని రాసిన వ్యాసాలు అడ్మిషన్ ఆఫీసులో రోజుకు వంద చదువుతారు.

సీటు వచ్చింది, డిపాజిట్ కట్టడానికి రెండు వారాలే ఉంది. ఎవర్ని ఏం అడగాలి?

ముందు కొత్త యూనివర్సిటీ దగ్గర క్రెడిట్ల లెక్క తెప్పించుకోండి. డిపాజిట్ కట్టాకే ఇస్తామంటే, కనీసం తాత్కాలిక అంచనా అయినా పంపమని బతిమాలండి. ఎయిడ్ ఉత్తరంలో తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు ఎంత, లోను ఎంత అని విడదీసి చూడండి. లోను కూడా "అవార్డు" అనే రాస్తారు. హాస్టల్ ఇస్తారా అని అడగండి. ట్రాన్స్‌ఫర్లకు చాలాచోట్ల గ్యారంటీ లేదు, ఆగస్టులో మాన్‌హటన్‌లో గది వెతకడం నరకం. పోయినేడు ఇలాగే మారి బ్యాంకులో ఇంటర్న్‌షిప్ దొరికిన ఒకరితో, దొరకని ఒకరితో మాట్లాడించమని ట్రాన్స్‌ఫర్ ఆఫీసును అడగండి. మొదటివాళ్లను వాళ్లే చూపిస్తారు, రెండోవాళ్లను మీరే వెతుక్కోవాలి.

పాత కాలేజీలో పేరు మాత్రం అప్పుడే తీయించుకోకండి. లీవ్ ఆఫ్ యాబ్సెన్స్ (చదువుకు తాత్కాలిక సెలవు) పెట్టుకునే వీలుంటే, ఒక సెమిస్టర్ పాటు తిరిగి రావడానికి చోటు ఉంటుంది. ఎఫ్-1 వాళ్లు దీన్ని ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడాకే చేయాలి. నేను పెట్టుకున్న లీవ్ కాగితం అక్టోబరు దాకా బ్యాగులోనే ఉంది. రెండుసార్లు తీసి చూసుకున్నాను.